ఆగ్నెస్ క్లెగ్ అన్న మాట

సోమవారం పొద్దున డక్‌వర్త్ మాస్టారు కెమిస్ట్రీ పేపర్లు పంచినప్పుడు మార్నీ హెయిస్‌కీ, పక్క బల్ల మీది పియర్స్ లాంగ్టన్‌కీ ఒకే మార్కు వచ్చింది. ఇద్దరిదీ ‘బి’ గ్రేడే. మధ్యాహ్నం తిండి వేళకి పియర్స్ ‘బి’ కాస్తా ‘ఎ’ అయి కూర్చుంది. ఆ సంగతి వాడే చెప్పాడు, సాండ్‌విచ్ నములుతూ, వాన తగ్గిందని చెప్పినంత మామూలుగా.

అసలు పరీక్షలు వచ్చే వేసవిలో. కానీ మెడికల్ కాలేజీలకు అంత ఓపిక ఉండదు. ఫలానా పిల్లకి రేపు ఏం రాబోతుందో టీచర్లు ఇవాళే జోస్యం చెప్పి, దరఖాస్తుతో పాటు అక్టోబరులోనే పంపించాలి. దానికి అంచనా గ్రేడు అని మర్యాదైన పేరు. జోస్యంలో మూడు ‘ఎ’లు లేకపోతే దరఖాస్తు విప్పి కూడా చూడరు. మార్నీకి బయాలజీలో ఒకటి, లెక్కల్లో ఒకటి ఉన్నాయి. మూడోది డక్‌వర్త్ మాస్టారి పెన్నులో ఉంది.

సాయంత్రం ల్యాబులో ఆయన ఫ్లాస్కులు కడిగి బోర్లిస్తుంటే మార్నీ తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడింది.

“సర్, పియర్స్‌కీ నాకూ ఒకే మార్కు కదా?”

“ఒకటే.”

“మరి వాడికి ‘ఎ’ ఎందుకు, నాకు ‘బి’ ఎందుకు సర్?”

“మార్కు ఒకటైతే మనిషి ఒకటైపోడుగా తల్లీ. అంచనా అంటే ముందుకి చూడటం. పియర్స్ వేసవంతా వాళ్ల బాబాయి ఆపరేషన్ థియేటర్లో నిలబడ్డాడు. తెరిచిన గుండె చూశాడు. అలాంటిది చూసినవాడు ఊరుకోడు, పట్టుదలగా చదువుతాడు. నువ్వేం చూశావు చెప్పు.”

“టీ ఇచ్చాను సర్, వృద్ధాశ్రమంలో.”

“అదీ.” ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే జాలిపడ్డారు, మార్నీకి అదే ఇంకా చురుక్కుమంది. “నేనేం తలుపు మూసెయ్యడం లేదు. శుక్రవారం నమూనా ఇంటర్వ్యూ ఉంది. డాక్టర్ గ్రీవ్ వస్తున్నారు. రిటైరయ్యేదాకా ఈ ఊరికంతా ఆవిడే డాక్టరు. ఆవిడ ముందు నీ అనుభవం గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పు. ఆవిడ బాగుందంటే ‘ఎ’ రాస్తా. ఆ సాయంత్రమే ఫారం పంపించెయ్యాలి. సరేనా?”

సరే అనక ఏం చేస్తుంది? పెద్దాసుపత్రికి, వచ్చి చూస్తానని మార్నీ కూడా రాసింది. పద్దెనిమిది నిండనివాళ్లని రానివ్వం అన్నారు. మెడికల్ కాలేజీవాళ్లేమో రోగుల మధ్య మెలిగిన అనుభవం లేనివాళ్లని పిలవం అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆసుపత్రిలో బాబాయిలున్న పిల్లలకి మాత్రం వయసు అడ్డు రాదు. చివరికి మార్నీని రమ్మన్నది కొండవాలు మీదున్న వృద్ధాశ్రమం ఒక్కటే. మంగళవారం, గురువారం సాయంత్రాలు వచ్చి కప్పులు అందిస్తే చాలన్నారు.

మంగళవారం సాయంత్రం హాలంతా ఉడికిపోతోంది. కేర్ హోముల్లో హీటర్లు ఏడాది పొడుగునా మండుతూనే ఉంటాయి. మనుషుల్ని లేపి కూర్చోబెట్టి, పడుకోబెట్టి, మళ్లీ లేపే ఆయాలకి చెమటలు కారుతుంటాయి. అందుకే మూల కిటికీని ఎప్పుడూ బెత్తెడు తెరిచి, మూసుకుపోకుండా మడిచిన పత్రిక ఒకటి దోపి ఉంచుతారు. ఆ కిటికీ దగ్గర కుర్చీ ఆగ్నెస్ క్లెగ్‌ది. కొండా గొర్రెలూ కనిపించే మంచి చోటు అది. ఆవిడ మీద ప్రేమతోనే అక్కడ కూర్చోబెట్టారు.

ఆగ్నెస్ తొంభై దగ్గరి మనిషి. ఈ ఊరి నూలు మిల్లులో మగ్గం నడిపిన చేతులు. పోయిన శీతాకాలం పక్షవాతం వచ్చి మాటలన్నీ ఊడ్చుకుపోయింది. ఒకటో రెండో మిగిల్చింది. వాటిలో ఒకటి ‘వద్దు’. రెండోది ‘స్టార్వ్డ్’.

“స్టార్వ్డ్” అంది ఆగ్నెస్, మార్నీ టీ బండి తోసుకుంటూ రాగానే.

అంటే ఆకలితో మాడిపోతున్నానని. ఇంగ్లీషు వచ్చినవాళ్లెవరికైనా ఆ మాటకి తెలిసిన అర్థం అదే.

“మళ్లీ మొదలెట్టింది మా ఆగ్నెస్,” అంది మారిసెల్, మరో పెద్దావిడకి చెప్పులు తొడుగుతూ. మారిసెల్ ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి. గట్టిది, నవ్వుమొహంది. ఆశ్రమంలో సగం బరువు ఆమె నడుం మీదే ఉంది. “ఇందాకే కస్టర్డ్ పెట్టాను. ఒక్క చెంచా ముట్టలేదు. ఆకలంటుంది, పెడితే తోసేస్తుంది. ఏం చెయ్యమంటావ్ మార్నీ? డాక్టరేమో బరువు తగ్గుతోంది, బాగా పెట్టండి అంటాడు. నేను పెట్టడం లేదా మరి?”

“నన్ను చూడనివ్వండి,” అంది మార్నీ.

పలచటివి తాగితే గొంతుకి అడ్డం పడతాయి కనక ఆగ్నెస్ టీలో పొడి కలిపి చిక్కబరచాలి. మార్నీ పొడి చల్లి, గడ్డలు కట్టకుండా చెంచాతో గిరగిరా తిప్పి, కప్పు చేతికిచ్చింది. పక్కనే వెన్న రాసిన రొట్టె ముక్క, అల్లం బిస్కట్టు, అరటిపండు ముక్కలు వరసగా పెట్టి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఆగ్నెస్ కప్పుని రెండు చేతులతో పొదివి పట్టుకుంది. తాగలేదు. గడ్డం దాకా ఎత్తి, అలాగే ఉంచింది. కళ్లు మూసుకుంది. మార్నీ రొట్టె చూపిస్తే, “వద్దు.” బిస్కట్టు చూపిస్తే, “వద్దు.” అరటిపండుకి మొహమే తిప్పేసింది. చాలాసేపటికి టీ చల్లారిపోయాక, కప్పుని బల్ల మీద పెట్టి అవతలికి తోసేసింది. “స్టార్వ్డ్” అంది మళ్లీ, ఈసారి మార్నీ కళ్లలోకి చూసి, మొండి పిల్లకి పాఠం చెబుతున్నట్టు.

“అల్లరి పెద్దమ్మా,” అని మారిసెల్ వచ్చి ఆ చెంప నిమిరింది.

మార్నీకి అల్లరిలా అనిపించలేదు. ఆవిడ ఏదో అడుగుతోంది. పెడుతున్నది అది కాదు. ఆకలేసినవాళ్లు టీ చల్లారేదాకా ఎందుకు పట్టుకుంటారు? సూపు గిన్నె కూడా అంతేనట, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుందట. బస్సులో ఇంటికొస్తూ అదే ఆలోచించింది. తీపి ఇష్టం లేదా? పళ్లసెట్టు గుచ్చుకుంటోందా? మింగాలంటే భయమా? శుక్రవారం ఇంటర్వ్యూ ఉందన్న సంగతి ఆ దారిలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఇంటికెళ్లాక వాళ్లమ్మ “ఎలా ఉందే చదువు?” అన్నప్పుడు గుర్తొచ్చి, గుండెల్లో రాయి పడింది.

బుధవారం సాయంత్రం వాన. వాళ్లమ్మకి వంట చేసే ఓపిక లేక, వేయించిన చేప, బంగాళాదుంప చిప్స్ తెమ్మని పంపింది. కొట్టులో వరస తలుపు దాకా ఉంది. గోడవార బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి, కాగితం పొట్లంలోంచి వేడి వేడి చిప్స్ ఊదుకుంటూ తింటున్నాడు. బుగ్గలు రెండూ నిండి ఉన్నాయి. అంతలో ఎవరో కుర్రాళ్లు లోపలికొచ్చి తలుపు వెయ్యకుండా నిలబడ్డారు. చలిగాలి రయ్యిమని కొట్టింది.

“తలుపెయ్యండెహె!” అని అరిచాడాయన, నోట్లో చిప్స్‌తోనే. “స్టార్వ్డ్ అయి సస్తన్నానిక్కడ!”

కుర్రాళ్లు పగలబడి నవ్వారు. “పొట్లం ఖాళీ చేసి ఇంకా ఆకలంటాడేంట్రా తాత!”

మార్నీ నవ్వలేదు. వరసలో తన చోటు వదిలేసి ఆయన దగ్గరికెళ్లింది.

“తాతగారూ, ఇప్పుడు మీరు ఏమన్నారు?”

“ఏవన్నాను? తలుపెయ్యమన్నాను. పెంపకం లేని యెదవలు.”

“అది కాదండీ. స్టార్వ్డ్ అన్నారు. తింటూనే ఉన్నారు కదా?”

ఆయన ఆమె వంక ఎగాదిగా చూశాడు. “యే ఊరు పిల్లా నీది?”

“ఈ ఊరేనండీ. అమ్మ మాత్రం ఈ దేశంలోనే దక్షిణపు జిల్లాల నుంచి వచ్చింది.”

“అదీ సంగతి. స్టార్వ్డ్ అంటే సలి పిల్లా, సలి! యెముకలు కొరికే సలి. మా అమ్మ అనేది, మా నాయనమ్మ అనేది, మిల్లులో ఆడోళ్లందరూ అనేవోళ్లు. ఆకలికి వేరే మాటుంది మాకు. ఆకలికీ సలికీ తేడా తెలీకపోతే పిల్లల్నెట్టా పెంచుతారు?” అని, ఒక చిప్ తీసి ఆమెకిచ్చాడు. “ఇదిగో తిను. ఆకలిగా ఉన్నట్టున్నావు.”

మన తెలుగులో ఆకలీ చలీ ప్రాసకైనా కలుస్తాయి, కానీ ఎవరూ ఒకదాన్ని ఇంకొకటి అనుకోరు. ఇక్కడ అదే మాట తాతకి చలి, మనవరాలికి ఆకలి. మధ్యలో మిల్లులు మూతపడ్డాయి, ఆ మాట అనేవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

మార్నీ మళ్లీ వరసలో నిలబడి కొన్న పొట్లం గుండెకి హత్తుకుని ఇంటిదాకా పరిగెత్తింది. ఒంట్లో కరెంటు పాకినట్టుంది. రెండు చేతుల మధ్య కప్పు, ఒళ్లో సూపు గిన్నె, తెరిచిన కిటికీ, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. వారాల తరబడి ఎవరికీ అంతుపట్టనిది తనకి పట్టింది! తెరిచిన గుండె పియర్స్ చూశాడు, బాగానే ఉంది. వాడికి ఎవరో చూపించారు. ఇది తను చూసింది. రొట్టె విరిగి నేతిలో పడటమంటే ఇదే. తడి కోటైనా విప్పకుండా కూర్చుని, మర్చిపోకముందే మొత్తం రాసేసింది.

గురువారం పొద్దున్నే డక్‌వర్త్ మాస్టారికి చెప్పింది. ఆయన ఫ్లాస్కు కింద పెట్టేశారు.

“ఇది బంగారం మార్నీ! బంగారం! పియర్స్ దగ్గర ఇలాంటిది లేదు. ఇలాగే చెప్పకు, కాస్త నగిషీ పెట్టు. మొదట ఆవిడ చేతుల దగ్గర మొదలెట్టు. మాట చివర్లో విప్పు. ఆఖర్న నువ్వేం నేర్చుకున్నావో ఒక్క వాక్యం. సాధన చెయ్యి, సాయంత్రమంతా కూర్చో.”

సాయంత్రం ఆశ్రమానికి వెళ్లాల్సిన రోజు. మార్నీ ఫోన్ చేసి, ఆఫీసులో ఎత్తిన ఆవిడతో ఒంట్లో బాగాలేదని చెప్పింది. కాస్త దగ్గింది కూడా. తర్వాత స్నానాలగది అద్దం ముందు నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో చూసుకుంది.

“ఎవరితోనే ఆ మాటలు?” అంది మెట్ల మీద నుంచి వాళ్లమ్మ.

“డాక్టర్ గ్రీవ్‌తో!”

“ఆవిడ మన బాత్రూంలో ఏం చేస్తోందే?”

శుక్రవారం ఇంటర్వ్యూ లైబ్రరీ వెనక చిన్న గదిలో పెట్టారు. డాక్టర్ గ్రీవ్ పొట్టి మనిషి. తడిసిన రెయిన్‌కోటు కుర్చీ వీపుకి వేలాడదీసి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కాగితాలేవీ ముట్టుకోలేదు. డక్‌వర్త్ మాస్టారు పక్కన కూర్చుని, ఇంకా నింపని అంచనా గ్రేడు ఫారం ముందు పెట్టుకుని, మార్నీ వైపు చూసి కళ్లతోనే ‘కానీ’ అన్నారు.

“నువ్వు పనిచేసిన చోట నిన్ను ఆలోచింపజేసింది ఏదైనా చెప్పమ్మా,” అంది డాక్టర్ గ్రీవ్.

మార్నీ చెప్పింది. చేతుల దగ్గర మొదలెట్టింది. కప్పు, చిక్కటి టీ, ‘వద్దు’లు, కిటికీలో మడిచిన పత్రిక. చిప్స్ కొట్టు తాత దగ్గర డాక్టర్ గ్రీవ్ గట్టిగా నవ్వింది. చెబుతున్నంతసేపూ మార్నీకి తన గొంతు తనకే నచ్చింది. “రోగి మాట వినడమంటే చెవులతో వినడం ఒక్కటే కాదనీ, ఆ మాట పుట్టిన ఇంటినీ కాలాన్నీ కూడా వినాలనీ నేను నేర్చుకున్నాను,” అని ముగించి, అనుకున్నట్టే ఆగింది.

డక్‌వర్త్ మాస్టారు పెన్ను మూత తీశారు.

“చాలా బాగా గమనించావు,” అంది డాక్టర్ గ్రీవ్. “వెళ్లి ఆ పెద్దాయన్ని అడిగావు చూడు, అది ఇంకా బాగుంది. చాలామంది నవ్వేసి ఊరుకుంటారు.” ముందుకి వంగి, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. “మరి ఇప్పుడు ఎలా ఉంది ఆగ్నెస్? వెచ్చగా ఉందా?”

మార్నీ సాధన చేసినదాంట్లో ఈ ప్రశ్న లేదు. అద్దం ముందు అన్నిసార్లు చెప్పుకుంది, ఆ కిటికీ మూసినట్టు ఒక్కసారి కూడా చెప్పుకోలేదు.

“తెలీదండీ,” అంది.

“నీకు సంగతి ఎప్పుడు తెలిసింది?”

“బుధవారం సాయంత్రం.”

“ఎవరికి చెప్పావు?”

“సర్‌కి. ఇప్పుడు మీకు.” చెవులు మండిపోతున్నాయి. “అక్కడ ఎవరికీ చెప్పలేదు. నిన్న వెళ్లాలి, వెళ్లలేదు. ఇది ప్రాక్టీస్ చేసుకోవాలని.”

డక్‌వర్త్ మాస్టారు ఫారం వంక చూస్తూ కూర్చున్నారు. ఆయనకీ గురువారం పొద్దున్నే తెలుసు కదా మరి.

డాక్టర్ గ్రీవ్ కోప్పడలేదు. “ఫోనుందా నీ దగ్గర?” అంది.

“స్కూల్లో తియ్యకూడదండీ.”

“ఫర్లేదు, తియ్యి.”

మార్నీ ఆశ్రమం నంబరు నొక్కింది. గది నిశ్శబ్దంగా ఉండటంతో అవతలి గొంతు అందరికీ వినిపించింది.

“మార్నీ! ఎలా ఉంది ఒంట్లో? దగ్గు తగ్గిందా బంగారం?” అంది మారిసెల్.

ఆ మాట మార్నీకి చెంపదెబ్బలా తగిలింది. “నాకేం లేదు మారిసెల్. వినండి. ఆగ్నెస్‌కి ఆకలి కాదు. చలి. స్టార్వ్డ్ అంటే వాళ్ల కాలంలో చలేస్తోందని. కిటికీ ముయ్యండి. ఆవిణ్ని అక్కడి నుంచి జరపండి.”

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. పరుగులాంటి నడక. కిటికీ దబ్బున పడింది. కుర్చీ చక్రాలు కీచుమన్నాయి. ఎక్కడో దూరం నుంచి మారిసెల్ గొంతు వచ్చింది. “ఆగ్నెస్ అమ్మా, చలేస్తోందా? చలా నీకు? చలా?”

“అవును,” అంది ఒక ముసలి గొంతు. “అవును. అవును. అవును.”

ఆవిడ అవునని అనగలదని మార్నీకి అంతవరకూ తెలీదు. ఎవరూ ఆవిడ అవునని అనేదేదీ అడగలేదు.

మారిసెల్ తిరిగొచ్చింది. ముక్కు చీదుతోంది. “చేతులు మంచుగడ్డలే మార్నీ. రోజూ నేనే కడుగుతాను ఆ చేతులు. ముసలివాళ్ల చేతులు అంతేలే అనుకున్నాను. నీకెలా తెలిసిందే?”

“బుధవారమే తెలిసింది,” అంది మార్నీ.

“సరే,” అంది మారిసెల్. “దుప్పటి తేవాలి. ఉంటాను.”

బయట తర్వాతి పిల్లాడు తలుపు తట్టాడు. మార్నీకి ఇచ్చిన సమయం అయిపోయింది. డాక్టర్ గ్రీవ్ కాఫీ తెచ్చుకుంటానని లేచి, కోటు అందుకుంది. డక్‌వర్త్ మాస్టారు కుర్చీ మార్నీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించారు.

“కంగారుపడకు. ఇలాంటివి బయటపడటానికే ఈ నమూనా ఇంటర్వ్యూ. కథ బ్రహ్మాండం. ఆ చివర ఒక్కటీ దిద్దుకో. అసలు ఇంటర్వ్యూలో అడిగితే, వెంటనే వెళ్లి చెప్పానను. రెండ్రోజులు అటూ ఇటూ ఎవరు చూడొచ్చారు? అలా చెబుతానంటే ‘ఎ’ రాసేస్తాను, ఇప్పుడే.”

పెన్ను కాగితానికి ఆనింది. మార్నీ ఆ పెన్ను మొన వంకే చూసింది. సోమవారం నుంచి ఆ మొన కోసమే తిరుగుతోంది. ఒక్క ‘సరే సర్’ అంటే చాలు. ఆ రెండు రోజులూ ఆగ్నెస్ ఆ కిటికీ దగ్గరే కూర్చుంది. ఎవరూ చూడని మాట నిజమే.

“వెంటనే చెప్పలేదు కదా సర్,” అంది.

“అది నాకు తెలుసు, నీకు తెలుసు.”

“ఆగ్నెస్‌కి కూడా తెలుసు సర్. ఎవరైనా అడిగితే జరిగిందే చెబుతాను.”

మాస్టారు పెన్ను పైకెత్తారు. మొహంలో విసుగు కంటే బాధే ఎక్కువుంది. “అలాగైతే నేనేం రాయను మార్నీ? నువ్వే చెప్పు.”

“పియర్స్‌కి ఏం రాశారో అదే రాయండి సర్,” అంది మార్నీ. “ఇద్దరి పేపర్లలో మార్కు ఒకటే. నేను టీ ఇచ్చినందుకు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

తలుపు దగ్గర డాక్టర్ గ్రీవ్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నదల్లా ఆగి, వెనక్కి తిరిగింది.

“పియర్స్ ఎవరు?” అని అడిగింది మాస్టార్ని.

ఆ జవాబు చెప్పుకోవాల్సింది ఆయన. మార్నీ సంచీ భుజాన వేసుకుని, ఇద్దరికీ నమస్కారంగా తల వంచి బయటికొచ్చింది. కొండ మీదికి వెళ్లే బస్సుకి ఇంకా టైముంది, అయినా పరిగెత్తింది.